వెనకబడ్డ మోకాలు

హాగెన్స్‌బోర్గ్,
సెప్టెంబరు 9, 1988

సిగ్నీ పిన్నీ,

నీ లైట్‌హౌస్ ఇంకా సముద్రంలోకి కొట్టుకుపోలేదనే అనుకుంటున్నా. నీతో లైట్‌హౌస్ చూసుకునే వాల్టర్ తాత ఇంకా నీ వంటకి వంకలు పెడుతున్నాడా? తనకి వండటం రాకపోయినా పక్కవాళ్ళ వంట ఎలా ఉండాలో మాత్రం బాగా తెలుసు కదా ఆయనకి.

ఇది రేడియో ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందులో ఏం మాట్లాడినా తీరంలో పడవలన్నీ వింటాయి. పోయినసారి అమ్మ నీతో తన పైల్స్ గురించి చెప్పుకుంది, గుర్తుందా? ఆ మర్నాడు కో-ఆప్ కొట్లో ఎవరో పడవాయన “బెరిట్ గారూ, ఇప్పుడు కూర్చోగలుగుతున్నారా?” అని పలకరించాడు. అమ్మ వారం రోజులు కొట్లో గల్లాపెట్టె దగ్గరికే పోలేదు, వెనక గోదాములోనే పని చేసింది. అందుకే ఉత్తరం రాస్తున్నా.

బళ్ళో అట్లాసు ఒళ్ళో పెట్టుకుంటే కుడిపక్కకి జారిపోతోంది. ఎన్నిసార్లు సర్దినా అంతే. ఎందుకా అని చూసుకుంటే, ఎడమ మోకాలు కుడిదానికన్నా వెనక ఉంది. వేసవి మొదట్లో గోరంత తేడా, ఇప్పుడు బొటనవేలంత. ఎడమ తొడ పక్కకి తెరుచుకోవడం లేదు. ప్యాంటు తొడుక్కునేటప్పుడు లోపల ‘టక్’మంటుంది. చిన్నప్పుడు ఆ కొండదారిలో కారు జారి వెన్ను దెబ్బతిన్నప్పట్నుంచీ బొడ్డు కింద నాకేమీ తెలీదు కదా, గిల్లినా కాల్చినా. అందుకే అది నొప్పిగా ఉందో లేదో నాకు తెలీదు. వినిపిస్తుంది, అంతే. నా ఒంట్లోదే, పక్కింటి తలుపు చప్పుడులాగా వినిపిస్తుంది.

అమ్మకి చెప్పలేదు. ఈ సంవత్సరం నుంచే స్నానం నేనే చేసుకుంటున్నా, తలుపు గడియ కూడా నేనే పెట్టుకుంటున్నా. దానికోసం ఎంత పోట్లాడానో నీకు తెలుసు. జూన్‌లో వాంకూవర్లో ఎక్స్‌రే తీయాల్సింది, కొండచరియ పడి దారి మూసేశారు. మళ్ళీ వసంతానికి రమ్మన్నారు. ఆ కబురు విని నేను ఎగిరి గంతేశా. నేను గంతేయడమంటే ఎలాగో నీకు తెలుసుగా.

ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి. నీకొక్కదానికే చెప్పా.

నీ టోరా


లైట్‌స్టేషన్,
సెప్టెంబరు 27

టోరా తల్లీ,

నీ ఉత్తరం ఈ పొద్దున హెలికాప్టర్లో దిగింది, బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని. దీన్ని వాళ్ళు బయల్దేరేలోపు రాసి ఇవ్వాలి. పైలట్ ఇప్పటికే గడియారం వంక చూస్తూ సణుగుతున్నాడు.

సరే, ఒట్టు. వేశాను. కానీ నాకు కొన్ని సంగతులు కావాలి. తొడ వాచిందా? చెయ్యి పెడితే రెండో తొడకన్నా వెచ్చగా ఉందా? ఒంటికి జ్వరం తగిలిందా? పిరుదుల కింద రోజూ అద్దం పెట్టి చూసుకుంటున్నావా? చూసుకుంటున్నా అని ఊరికే రాయకు. చూసుకునే రాయి.

అసలు నీకు భయం దేనికో చెప్పు, కోస్తారనా? నువ్వు కత్తికి భయపడే పిల్లవి కాదు. సాల్మన్ చేపని నాకన్నా నీటుగా చీలుస్తావు. మరి ఎందుకే?

మళ్ళీ హెలికాప్టర్ వచ్చేలోపు నువ్వే అమ్మకి చెప్పు. నోరు తెరిచి “అమ్మా, నా మోకాళ్ళు చూడు” అను, చాలు. మీ అమ్మ అరుస్తుంది. అరవనీ. మా అక్క అరుపులు విని ఎవరూ చచ్చిపోలేదు, నేనే అందుకు సాక్ష్యం.

వాల్టర్ నీకు ముద్దులు పంపాడు. నా చేపల పులుసులో ఉప్పెక్కువైందని నీకు రాయమన్నాడు కూడా.

నీ పిన్ని


హాగెన్స్‌బోర్గ్,
అక్టోబరు 16

పిన్నీ,

వాపు లేదు. వెచ్చగా లేదు. అద్దంలో చూసుకున్నా, నిజంగానే చూసుకున్నా.

దేనికి భయమో అడిగావు. కోయడానికి కాదు. ఆ తర్వాత దానికి.

ఎనిమిదేళ్ళప్పుడు కుడికాలు బిగుసుకుపోయిందని కండరాలు కోసి వదులు చేశారు. రొమ్ము దగ్గర్నుంచి కాలివేళ్ళ దాకా సున్నపు కట్టు వేశారు. కాళ్ళు ఎడంగా, మధ్యలో కర్ర. నన్ను బల్లలాగా ఎత్తి ఇటూ అటూ తిప్పేవాళ్ళు. అప్పుడు నువ్వు ఆ ద్వీపంలోనే ఉన్నావు. నువ్వు పంపిన బొమ్మల పుస్తకాలు వచ్చాయి. నువ్వు చూడనిది ఏంటంటే, ఒకరోజు వాసన మొదలైంది. అమ్మ చెత్తబుట్ట మార్చింది. దుప్పటి మార్చింది. కిటికీ తీసింది. వాసన పోలేదు. ఆఖరికి కట్టు కోస్తే, ఆ వాసన నాదే. తుంటి వెనక కట్టు ఒరుసుకుని మాంసం కుళ్ళిపోయింది. నేను ఆ రోజంతా నర్సుతో పేకాడుతూ నవ్వుతూనే ఉన్నా పిన్నీ! నాకు తెలీనే తెలీదు. కుళ్ళిపోతున్నా తెలీలేదు. తర్వాత ఏడాది చదువు బోర్లా పడుకునే చదివా.

మళ్ళీ ఆ పెట్టెలోకి నేను పోను.

నీకొక మంచి వార్త. నేను కుడిపక్కకి వాలుతున్నానని నాన్న కనిపెట్టేశాడు. “చక్రాల కుర్చీ వంకరపోయింది” అన్నాడు. నేను “అవున్నాన్నా, కుర్చీయే” అన్నా. ఇప్పుడు రోజూ సాయంత్రం గరాజులో దాన్ని బోర్లించి సుత్తి, పానాలు పట్టుకుని కూర్చుంటున్నాడు. కుడివైపు సీటు కింద ఒక చెక్కముక్క చెక్కి బిగించాడు. “ఇప్పుడు చూడు, రాణీగారి సింహాసనం!” అన్నాడు. కొంచెం సరిపోయింది. మిగతాదానికి నేను తువ్వాలు మడిచి కుడిపక్క కింద పెట్టుకుంటున్నా. ఇప్పుడు అట్లాసు జారడం లేదు.

ఆ తువ్వాలు పెట్టే చోట కొంచెం ఎర్రగా ఉంది. పొద్దుటికి తగ్గుతుంది.

అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఒట్టు వేశావు.

టోరా


లైట్‌స్టేషన్,
నవంబరు 12

టోరా,

ముందు తప్పు నాది కాదు, గాలిది. మూడు వారాలు హెలికాప్టర్ దిగలేకపోయింది. పడవ కూడా ఒడ్డుకి రాలేకపోయింది. నువ్వు అక్టోబరులో రాసింది నా చేతికి ఇవాళ వచ్చింది. నాలుగోసారి చదువుతున్నా.

‘పొద్దుటికి తగ్గుతుంది’ అని రాశావు. పొద్దుటికి తగ్గిందా? ఆ పొద్దు తర్వాత ఇన్ని పొద్దులు పోయాయి కదే!

నీ ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే రాస్తున్నా. ఇంకాసేపట్లో నేను రేడియో దగ్గరికి వెళ్ళి మీ అమ్మని పిలుస్తా. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అదంతా అయిపోయి ఉంటుంది. ఎవరి వల్లో కాదు, నా వల్లే తెలిసిందని నీకు తెలియాలి. ఒట్టు తప్పుతున్నాను. నువ్వు నన్ను తిట్టు, ఉత్తరాలు మానెయ్యి, ఏమైనా చెయ్యి. ఆ తిట్లు తిట్టడానికి నువ్వు ఉండాలి నాకు.

తీరమంతా వింటుందంటావా? మా అమ్మ వంటింట్లో మాట్లాడిన నార్వే భాషలో చెబుతా. నేను సగం మర్చిపోయా. ఎలాగోలా చెబుతా.

ఇది మడిచి రేడియో దగ్గరికి వెళ్తున్నా.

పిన్ని


వాంకూవర్,
నవంబరు 20

సిగ్నీ,

నువ్వు రేడియోలో మాట్లాడింది ముందు నాకు ఏమీ అర్థం కాలేదు. తుంటి అన్న మాట నీకు గుర్తురాక ‘కాలి మొదలు’ అన్నావు. నేను ఏదో చెట్టు సంగతి అనుకున్నా. రెండుసార్లు అడిగా. మూడోసారి మధ్యలో ఎవడో ముసలి గొంతు, ఎక్కడో ఏ పడవలోంచో, అదే భాషలో “అమ్మా, ఇంక మాటలు చాలు, ముందు పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకుపో” అన్నాడు. రేడియో ఫోను అక్కడే వదిలేసి పరుగెత్తా.

టోరా లోపల గడియ పెట్టుకుని ఉంది. “తలుపు తియ్యవే” అంటే “బాగానే ఉన్నానమ్మా” అంది. “తీస్తావా, మీ నాన్నని పిలిచి ఊడదీయించనా?” అన్నా. తీసింది. ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజులుగా జలుబు అని చెబుతూ ఉంది, నేను నమ్మి నిమ్మరసం కాచి ఇస్తూ ఉన్నా. మంచం మీద పడుకోబెట్టి చూస్తే కుడి పిరుదు కింద డాలరు బిళ్ళంత పుండు, మధ్యలో నల్లగా. ఆ తువ్వాలు పెట్టిన చోటే. లెన్ చెక్కముక్క బిగించిన చోటే. ఎడమకాలు చూస్తే దాని దారి దానిదే, నా బిడ్డ కాలులాగే లేదు.

లెన్ గరాజులోకి వెళ్ళాడు. చాలాసేపటికి నేను వెళ్ళి చూస్తే ఆ చెక్కముక్క పీకి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. “కుర్చీ బాగానే ఉంది బెరిట్, మొదట్నుంచీ బాగానే ఉంది” అన్నాడు.

చిన్న విమానంలో తీసుకొచ్చాం. పుండు చీము పట్టింది, మందులు నరంలోకి ఎక్కిస్తున్నారు. ఎముకకి పాకిందేమోనని వారమంతా ఎవరూ నాకు సూటిగా జవాబు చెప్పలేదు. పాకలేదు. నిన్న చెప్పారు. నేను వరండాలో గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయా. ఎవరో నీళ్ళు ఇచ్చారు.

తుంటి గురించి డాక్టర్ హల్లోరన్ చెప్పింది. పెద్దావిడ, తొందర లేని మనిషి. ఎడమ తుంటి గిన్నెలోంచి తొడ ఎముక చివరి బంతి పూర్తిగా బయటికి వచ్చేసిందట. చిన్నతనంలోనే వెన్నుపాము దెబ్బతిన్న పిల్లల్లో ఇది ఎక్కువమందికి జరుగుతుందట. నిలబడి, నడిచి, గెంతితేనే ఆ గిన్నె లోతుగా తయారవుతుందట. వీళ్ళకి ఆ బరువు పడదు, కండరాలు ఒకవైపే లాగుతాయి. “మీరు ఏం చేసినా చేయకపోయినా ఇది జరిగి ఉండేదేమో” అంది. ‘ఏమో’ అన్న మాట పట్టుకుని నేను రాత్రంతా ఉన్నాను.

నొప్పి ఉంటే పిల్లలు ఏడుస్తారు, తల్లులకి తెలుస్తుంది. దీనికి నొప్పి తెలీదు కాబట్టి నోటితో చెప్పాలి. అది చెప్పింది. నాకు కాదు, నీకు. నెలన్నర నీకు తెలుసు సిగ్నీ. నాకు తెలీదు. ఆ పిల్లని కన్నదాన్ని నేను.

పిలిచినందుకు నీకు దణ్ణం పెట్టాలి. ప్రస్తుతానికి నాకు చేతులు రావడం లేదు.

బెరిట్


వాంకూవర్ ఆసుపత్రి,
డిసెంబరు 4

సిగ్నీ పిన్నికి,

నేను నీతో మాట్లాడను. ఇది ఉత్తరం కాబట్టి మాట్లాడటం కిందికి రాదు.

చక్రాల బల్ల మీద బోర్లా పడుకుని రాస్తున్నా. దీనిమీద నేనే చేతులతో తోసుకుంటూ వార్డంతా తిరుగుతా. ఒక నర్సు నన్ను ‘తాబేలు’ అంటోంది. నేను ఆవిణ్ణి ఇంకోటి అంటున్నా, అది ఇక్కడ రాయను.

పుండు మానుతోంది. మానేదాకా తుంటి జోలికి పోరట. తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి, అలా వదిలెయ్యడం. నొప్పి తెలీదు కాబట్టి కొందరు అలాగే వదిలేస్తారట. కానీ నేను వంకరగా కూర్చుంటా, వెన్ను కూడా వంగుతుంది, మళ్ళీ అక్కడే పుండు పడుతుంది. రెండోది, తొడ ఎముక కోసి తిప్పి, గిన్నెకి పైన కప్పులాగా ఎముక ముక్క పెట్టి, బంతిని లోపలికి తోసెయ్యడం. అది మళ్ళీ బయటికి రాదని కూడా చెప్పలేరట. ఇంత చేసినా!

నాన్న వద్దంటున్నాడు. అమ్మ చేయిద్దామంటోంది. వరండాలో పోట్లాడుకుంటున్నారు, నాకు వినపడదని గుసగుసగా. నాకు కాళ్ళు పనిచేయవు గానీ చెవులు పనిచేస్తాయి. “దాన్ని మళ్ళీ ఆ పెట్టెలో పెడితే నేను చూడలేను” అన్నాడు నాన్న. “చూడటం నీ పని కాదు, బతకడం దాని పని” అంది అమ్మ. తర్వాత ఇద్దరూ ఏడ్చారు.

డాక్టరమ్మ వచ్చి నా బల్ల పక్కన నేలమీద కూర్చుంది, నా మొహం కనపడాలని. “నీకేం కావాలి?” అంది.

“మళ్ళీ సున్నపు కట్టు వేస్తారా?” అన్నా.

“వేస్తాం. కానీ రెండు చిప్పలుగా కోసి పట్టీలు బిగిస్తాం. రోజూ ఒకవైపు తెరిచి చర్మం చూస్తాం, మళ్ళీ మూస్తాం.”

“ఎవరు చూస్తారు?”

“నర్సు, మీ అమ్మ.”

“నేను చూడాలి. అద్దం ఇవ్వాలి. నేను చూసి సరే అంటేనే మూయాలి.”

ఆవిడ పెన్ను తీసి “రాసి మంచానికి అంటిస్తాను” అంది.

అయినా నాకు భయంగానే ఉంది పిన్నీ. పగలు ఫర్వాలేదు. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ వాసన వస్తుంది. లేదని తెలుసు, అయినా వస్తుంది. నర్సుని పిలిచి చూడమంటా. “ఏం లేదు తాబేలూ” అంటుంది. కాసేపటికి మళ్ళీ పిలుస్తా.

నువ్వు ఒట్టు తప్పావు. తప్పకపోతే ఏమయ్యేదో డాక్టరమ్మని అడిగా. చెప్పింది. అది విన్నాక కోపం సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంది.

చేయించుకుంటానని చెప్పేశా. నువ్వు రావాలి. ఈసారి పుస్తకాలు పంపొద్దు, నువ్వు రా.

టోరా


లైట్‌స్టేషన్,
డిసెంబరు 21

టోరా తల్లీ,

మిగతా సగం కోపం నా కోసం దాచి ఉంచు, వచ్చి తీసుకుంటా. నా చోట్లో ఇంకొకరిని పంపడానికి ఒప్పుకున్నారు. ఫిబ్రవరిలో ఆపరేషన్ అని మీ అమ్మ రేడియోలో ముక్తసరిగా చెప్పింది. నాతో ఇంకా పొడి మాటలే. అయినా “ఉన్ని మేజోళ్ళు తెచ్చుకో, ఇక్కడ గదులు చలి” అంది. మా అక్క సంగతి నాకు తెలుసు, అది చాలు.

నీకు ఒక మాట చెప్పాలి. నీ మొదటి ఉత్తరానికి నేను హాస్యాలాడుతూ జవాబు రాశాను కదా. ఆ మధ్యాహ్నం రేడియోలో పడవలకి వాతావరణం చెప్పేటప్పుడు పడమటి గాలిని తూర్పు గాలి అని చెప్పేశా. వాల్టర్ మైకు లాక్కుని సరిచేశాడు. పదమూడేళ్ళలో మొదటిసారి. పెద్దవాళ్ళు నవ్వుతూ రాస్తే భయం లేదనుకోకు. ఆసుపత్రులంటే మెట్ల దగ్గర్నుంచే వెనక్కి తిరిగి వచ్చేస్తా. ఇక్కడికి, ఈ రాళ్ళ మీదికి వచ్చి పడినదాన్ని నేను. మనుషులు బాధపడుతుంటే పక్కన కూర్చోవడం చేతకానిదాన్ని.

అయినా వస్తున్నా. పక్కన కూర్చోవడం అక్కడే నేర్చుకుంటా. నేను కళ్ళు తిరిగి పడిపోతే నీ బల్ల మీద కొంచెం చోటివ్వు.

పిన్ని


లైట్‌స్టేషన్,
ఏప్రిల్ 23, 1989

తల్లీ,

వచ్చి చేరాను. బయల్దేరేటప్పుడు మీ అమ్మ రేవులో నన్ను కౌగిలించుకుంది, ఎముకలు విరిగేలాగా. రెండో ఆపరేషన్ నాకు చేయించాలేమో.

ఆసుపత్రిలో నువ్వు నాతో ఒక మాట అన్నావు. “ఇంక నా దగ్గర ఎవరూ ఏమీ దాచకూడదు, నేనూ దాచను” అని. నేను సరే అన్నా. కానీ ఒకటి దాచే పడవెక్కాను. మీ అమ్మా నేనూ కలిసి దాచాం. చెప్పేస్తానని రేవులో మీ అమ్మకి చెప్పా. “నువ్వే రాయి, నాకు చేతకాదు” అంది.

ఆపరేషన్ రోజు చెప్పిన సమయానికి నిన్ను బయటికి తీసుకురాలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం లేచి నిలబడేవాళ్ళం. ఎవరో వచ్చి రక్తం ఎక్కువ పోయిందని, ఆగడం లేదని, ఇంకా రక్తం తెప్పిస్తున్నామని చెప్పి, ఇంక మేము ఏమీ అడగకముందే లోపలికి వెళ్ళిపోయారు. మీ నాన్న ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తోయలేదు. ఊరికే ఆనించి ఉంచాడు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా నాతో పొడి మాటలే కదా. “సిగ్నీ, నేనే చేయిద్దామన్నాను” అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ. పక్కన కూర్చున్నా, అంతే.

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. టోపీ తీసింది. నవ్వడానికి కూడా ఓపిక లేదు ఆవిడకి. “ఉంది” అంది. ఆ ఒక్క మాటే. నువ్వున్నావు అన్నదో, బంతి గిన్నెలో ఉంది అన్నదో నాకు ఇప్పటికీ తెలీదు. రెండూ నిజమే.

నువ్వు మెలకువ వచ్చి అద్దం అడిగావు. మేము ముగ్గురం నవ్వితే విసుక్కున్నావు. ఎందుకు నవ్వామో ఇప్పుడు తెలిసింది కదా.

కోపం వస్తే రాయి.

పిన్ని


హాగెన్స్‌బోర్గ్,
జూన్ 11

పిన్నీ,

కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. తర్వాత నాన్న అరచెయ్యి తలుపు మీద ఆనించాడని మళ్ళీ చదివా, పోయింది.

నాన్న ఇంకా ఆ చక్రాల కుర్చీని ముట్టుకోవడం లేదు. చక్రంలో గాలి తగ్గినా “అమ్మని పిలువు” అంటాడు. నిన్న నేనే పంపు తెచ్చి నాన్న ఒళ్ళో పడేశా. “రాణీగారి రథానికి గాలి కొట్టు” అన్నా. కొట్టాడు. చాలా ఎక్కువ కొట్టాడు, కుర్చీ గతుకుల మీద బంతిలా ఎగురుతోంది.

పోయిన వారం ఎక్స్‌రేకి వెళ్ళొచ్చాం. ఎడమది గిన్నెలోనే ఉంది, పూర్తిగా కాదు గానీ డాక్టరమ్మకి నచ్చినంత. మోకాళ్ళు సమంగా లేవు, ఇంక అవవట. తొడ ఎముక కోసి కొంచెం పొట్టి చేశారు కదా. కానీ నిటారుగా కూర్చుంటున్నా. కుడి పక్క చర్మం గట్టిపడింది. కుడి తుంటి మాత్రం ఎక్స్‌రేలో కొంచెం అంచుకి వచ్చినట్టుంది. ఆవిడ పెన్సిలుతో గీత గీసి చూపించింది. “ఇది ఇప్పుడే ఏమీ కాదు. చూస్తూ ఉందాం” అంది.

ఈ రోజు పొద్దున జరిగింది చెబుతా. బట్టలు మార్చుకుంటూ కుడి తొడ మీద చెయ్యి వేశా. వెచ్చగా ఉంది. ఎడమదానికన్నా చాలా వెచ్చగా. మొదట దుప్పటి కప్పేశా. కప్పుకుని కాసేపు అలాగే కూర్చున్నా. నీకు అబద్ధం చెప్పను, గడియ పెట్టే ఉంది, పెట్టే ఉంచుదామనుకున్నా.

తర్వాత గడియ తీసి “అమ్మా!” అని అరిచా.

అమ్మ చేతినిండా రొట్టెపిండితో పరుగెత్తుకొచ్చింది. తుడుచుకోకుండానే తొడమీద చెయ్యి పెట్టింది. మొహం పాలిపోయింది. వాపు చూసింది, టేపుతో రెండు తొడలూ కొలిచింది, అద్దం పెట్టి కింద చూసింది, జ్వరం చూసింది. ఏమీ లేదు. మళ్ళీ చెయ్యి పెట్టింది. వెచ్చగానే ఉంది. ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. “లెన్, కారు తియ్యి!” అని కేకేయబోయి ఆగిపోయింది.

కిటికీలోంచి ఎండ పడుతోంది పిన్నీ. సరిగ్గా నా కుడి కాలి మీద. కొండ మీదుగా ఇప్పుడే పైకొచ్చిన ఎండ.

అమ్మ నేలమీద కూలబడింది. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. నేనూ అంతే. కాసేపటికి ముక్కు తుడుచుకుని, “కొంచెం ఇటు జరగవే, రెండోదాని మీద కూడా పడనీ” అంది.

నీ టోరా